యంత్రముచే నిజము పలికించుట

అంకెకు లోకమున గొప్ప అధికారము కలదు. "పెట్టె చల్లగా నున్నది" అని మనుష్యుడు చెప్పినచో వినువారు తామును చేయి పెట్టి చూచుకొందురు. "పెట్టెలో నాలుగున్నర డిగ్రీలున్నవి" అని యంత్రము చెప్పినచో ఎవరును చేయి పెట్టి చూడరు. ఆ అంకెను వ్రాసికొని పోదురు. కావున యంత్రముచే అంకెను చెప్పించువానిపై ఒక బాధ్యత పడుచున్నది. ఆ అంకె ఎచ్చట పుట్టినది, ఏ దారిని వచ్చినది, దారిలో ఏమైన మారినదా అను మూడు ప్రశ్నలకు అతడు సమాధానము చెప్పగలిగి యుండవలెను.

ఈ ప్రసంగమునకు నేను తీసికొన్నది అట్టి యొక చిన్న పని. ఉష్ణమును కొలుచు సెన్సారులను యు.ఎస్.బి. అడాప్టరు ద్వారా కంప్యూటరునకు కలిపి, విండోస్, లినక్స్, మాక్ ఓఎస్ అను మూడు వ్యవస్థలయందును ఒకే తీరున పనిచేయు ప్రోగ్రామును నిర్మించుట ఎట్లు అనునది విషయము. పని చిన్నదే. కాని దానిలో తప్పు దొరలుటకు గల తావులు చాల కలవు. వానిని ఒక్కొక్కటిగా చూతము.

ముందుగా ఈ పని ఎవరికి అవసరమో చెప్పవలెను. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును తలచుకొందము. అచ్చట పిల్లలకు వేయు టీకామందులు ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటరు అను పెట్టెలో 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ ఉండవలెను. దినమునకు రెండుసార్లు, ఉదయమున సాయంకాలమున, ఉష్ణమానమును చూచి పట్టికలో వ్రాయుట మన దేశపు పద్ధతి. వేడి తగిలినచో పోలియో చుక్కలమందు త్వరగా చెడునని చాలమందికి తెలియును. చలి మితిమీరినను ముప్పు కలదను సంగతి అంతగా తెలియదు. పెంటావాలెంటు, హెపటైటిస్ బి, ధనుర్వాతపు టీకా మొదలగువానిలో అల్యూమినియము లవణములుండును. ఇవి ఒకసారి గడ్డకట్టి కరగినచో మందు తన శక్తిని కోల్పోవును. సీసాపై నుండు రంగుగుర్తు వేడి తగిలిన సంగతిని చెప్పును గాని, గడ్డకట్టిన సంగతిని చెప్పదు. సీసాను కుదిపి, మడ్డి అడుగునకు దిగు వేగమును బట్టి కనిపెట్టు పరీక్ష యొకటి కలదు. అనుమానము కలిగినప్పుడే కదా ఆ పరీక్ష చేయుదురు! రాత్రి రెండు గంటలవేళ పెట్టెలో సున్నకు దిగువగా చలి పట్టి, తెల్లవారునప్పటికి మరల నాలుగు డిగ్రీలకు వచ్చినచో, ఉదయపు పరిశీలనకు అంతయు సవ్యముగనే కనుపించును. శక్తి పోయిన మందే పిల్లవానికి వేయుదురు. తల్లి తన బిడ్డకు రక్ష కలిగినదని నమ్మి ఇంటికి పోవును.

ఇట్టి పనికి ఆమోదము పొందిన పరికరములు వేరుగా కలవు. 2015లో మన దేశమున ఆరంభమైన ఈవిన్ అను ఏర్పాటు టీకా నిలువలను, వాని ఉష్ణమానమును దూరమునుండి కనిపెట్టుటకు ఉద్దేశింపబడినదే. మనము నిర్మించునది వానికి బదులు కాదు. ప్రక్కన నిలుచు రెండవ సాక్షి మాత్రమే. ఆ సాక్షి అబద్ధము చెప్పినచో సాక్షి లేకపోవుటయే మేలు.

ఇక సెన్సారు సంగతి. డి.ఎస్.18బి20 అను పేరు గల సెన్సారును ఉదాహరణముగా తీసికొందము. ఇది మూడు కాళ్ల చిన్న నల్లని ముక్క. దీనినే ఉక్కుగొట్టములో బిగించి, పొడుగుపాటి తీగతో అంగళ్లలో అమ్ముదురు. దీనిని రూపొందించినది అమెరికాలోని డల్లాస్ సెమికండక్టర్ సంస్థ. ఆ సంస్థ 2001లో మాక్సిమ్ సంస్థలోను, మాక్సిమ్ 2021లో అనలాగ్ డివైసెస్ సంస్థలోను కలిసిపోయినవి. సున్నకు దిగువ 55 డిగ్రీలు మొదలుకొని ఎగువ 125 డిగ్రీల వరకు ఇది కొలువగలదు. డిగ్రీలో పదునారవ వంతు వరకు, అనగా 0.0625 వరకు, భేదమును చెప్పగలదు. అంత సూక్ష్మముగా ఒకసారి కొలుచుటకు 750 మిల్లీసెకనుల వరకు కాలము పట్టును.

ఇచ్చట ఒక మెలకువ అవసరము. పదునారవ వంతు భేదమును చూపుట వేరు. చూపిన అంకె నిజమగుట వేరు. ఈ సెన్సారు సున్నకు దిగువ 10 డిగ్రీలనుండి ఎగువ 85 డిగ్రీల వరకు అర డిగ్రీ అటునిటుగా సరియని మాత్రమే తయారీదారు హామీ ఇచ్చుచున్నాడు. తాసు ముల్లు సన్నగా నున్నంత మాత్రమున తూకము సరియని చెప్పజాలము కదా! ప్రోగ్రాము తెరపై 2.0625 అని చూపినచో చూచువాడు నాలుగు దశాంశస్థానములును నమ్మును. పెట్టెలో నిజముగా నున్నది 1.6 డిగ్రీలు కావచ్చును. కావున తెరపై ఒక్క దశాంశస్థానము చూపినచో చాలును. హద్దును 2 డిగ్రీల వద్ద గాక 2.5 వద్దను, 8 వద్ద గాక 7.5 వద్దను పెట్టి, అచ్చటనే హెచ్చరించుట వివేకము.

ఈ సెన్సారు కంప్యూటరుతో మాటలాడు పద్ధతికి వన్-వైర్ అని పేరు. ఒకే తీగపై ప్రశ్నయు, ఆ తీగపైననే సమాధానమును నడచును. భూమితీగ యొకటి తోడుండును. తీగను ఎంతసేపు అణచి యుంచితిమి అనుదానిని బట్టి అది సున్నయో ఒకటియో తెలియును. ఒక్కొక్క బిట్టునకు కేటాయింపబడిన కాలము ఇంచుమించు 60 మైక్రోసెకనులు. సెకనును పది లక్షల భాగములు చేసినచో అందొక భాగము మైక్రోసెకను. సంభాషణ ఆరంభించుటకు తీగను కనీసము 480 మైక్రోసెకనులు అణచవలెను. అప్పుడు తీగపై నున్న సెన్సారులన్నియు "ఉన్నాము" అని తెలుపును.

మన బల్లపై నుండు కంప్యూటరు ఎంత వేగము కలదైనను ఈ తాళమును స్వయముగా వేయలేదు. దానికి ఒకే సమయమున వంద పనులుండును. ఒక ఉత్తరము వచ్చినదనియో, ఎవరో మౌసు కదలించిరనియో అది ఒక లిప్తకాలము ప్రక్కకు తిరిగినచో సెన్సారుతో నడచు సంభాషణ చెడును. అందుచేత నడుమ ఒక దుబాసీ కావలెను. యు.ఎస్.బి. అడాప్టరే ఆ దుబాసీ. కంప్యూటరు దానితో తీరికగా "ఈ తొమ్మిది బైట్లు అడిగి తెమ్ము" అని చెప్పును. అడాప్టరులోని చిప్పు తాళము తప్పక తీగపై ఆ పని నెరవేర్చి ఫలితమును తెచ్చి యిచ్చును.

యు.ఎస్.బి. మొదటి ప్రమాణము 1996లో వెలువడినది. దానిని రూపొందించిన ఇంటెల్ ఇంజనీర్లలో ప్రముఖుడైన అజయ్ భట్ వడోదరలో చదివిన భారతీయుడు. అంతకు పూర్వము ప్రింటరునకొక విధమైన ప్లగ్గు, కీబోర్డునకొక విధమైన ప్లగ్గు ఉండెడివి. యు.ఎస్.బి.యందు ప్రతి పరికరమును తగిలింపబడిన వెంటనే తన తయారీదారు సంఖ్యను, తన జాతిసంఖ్యను చెప్పుకొనును. అటుపిమ్మట కంప్యూటరు అడుగనిదే అది తనంతట ఏమియు పంపదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత, యు.ఎస్.బి. ధర్మమును అదియే. వన్-వైర్ సెన్సారు ధర్మమును అదియే. కావున మన ప్రోగ్రాము ఓపికతో మరల మరల అడుగునదిగా నుండవలెను. జవాబు రాకున్నచో ఎంతసేపు వేచియుండవలెనో కూడ ముందే నిర్ణయించుకొని యుండవలెను. గడువు లేని నిరీక్షణమే ఇట్టి ప్రోగ్రాములు బిగుసుకొనిపోవుటకు తరచుగా కారణమగుచున్నది.

అడాప్టరులు ముఖ్యముగా మూడు తెగలు. మొదటి తెగ కంప్యూటరునకు పూర్వకాలపు సీరియల్ పోర్టువలె కనుపించును. రెండవ తెగ తాను కీబోర్డు, మౌసుల కులమునకు చెందినదానినని చెప్పుకొనును. ఆ కులమునకు మూడు వ్యవస్థలయందును డ్రైవరు ముందే యుండుటచేత వేరుగా ఏమియు చేర్చనక్కరలేదు. మూడవ తెగ ఏ కులమునకును చెందక, తన తయారీదారుడు ఏర్పరచిన భాషనే మాటలాడును. డి.ఎస్.2490 అను చిప్పు గల వన్-వైర్ అడాప్టరు ఈ మూడవ తెగది. దీనికి ఆజ్ఞలు ఒక దారిని, సమాచారము మరియొక దారిని, స్థితిగతుల వార్త వేరొక దారిని నడచును.

మూడు వ్యవస్థల ఆచారభేదములు ఇచ్చటనే బయటపడును. విండోస్ మూడవ తెగ అడాప్టరును డ్రైవరు లేనిదే దగ్గరకు రానీయదు. లినక్స్‌లో చిక్కు వేరు. ఈ చిప్పునకు తగిన డ్రైవరు దాని కెర్నెల్‌లోనే యుండుటచేత, అడాప్టరు తగిలింపగానే కెర్నెల్ దానిని తన వశము చేసికొనును. అప్పుడు మన ప్రోగ్రాము తలుపు తట్టినను అది తెరువదు. ముందుగా కెర్నెల్ పట్టును విడిపింపవలెను. సాధారణ వినియోగదారునకు ఆ పరికరమును తాకు అనుమతిని కూడ నియమపత్రములో వ్రాసి యుంచవలెను. మాక్ ఓఎస్‌లో సీరియల్ పోర్టుల పేర్లే వేరు తీరున నుండును. ఇంటికొక ఆచారము, అల్లునివలె మూడిండ్లకు పోవువాడు మూడు ఆచారములును తెలిసి యుండవలెను.

ఈ భేదములను ప్రోగ్రాము అంతటను చల్లినచో అది ఎవరికిని అర్థము కాని అడవియగును. కావున దానిని మూడంతస్తులుగా కట్టవలెను. అడుగు అంతస్తు పని అడాప్టరును కనుగొనుట, తెరచుట, బైట్లు పంపుట, బైట్లు తెచ్చుట, ఇంతియే. వ్యవస్థాభేదములన్నియు ఈ అంతస్తులోనే అణగి యుండవలెను. లిబ్‌యుఎస్‌బి వంటి లైబ్రరీలు ఇందులో పెద్ద పాలును ముందే చేసిపెట్టినవి. నడిమి అంతస్తునకు వన్-వైర్ మర్యాద తెలియును: సెన్సారులను పిలుచుట, కొలువుమని చెప్పుట, ఫలితమును చదువుట. పై అంతస్తునకు డిగ్రీలు, గంటలు, హెచ్చరికలు మాత్రమే తెలియును. పై రెండంతస్తులలోను విండోస్ అను మాట గాని లినక్స్ అను మాట గాని కనుపింపకూడదు. కనుపించినచో గోడ ఎచ్చటనో బీటలు వారినదని గ్రహింపవలెను.

భాషను ఎన్నుకొనుటతోనే ఈ పని తీరినదని కొందరు తలతురు. 1973లో యూనిక్స్ వ్యవస్థను సి భాషలో తిరిగి వ్రాసిన నాటనుండి, ఒకచోట వ్రాసిన ప్రోగ్రాము మరియొకచోట నడచుననెడి ఆశ బలపడుచు వచ్చినది. 1991లో వెలువడిన పైథాన్ భాషయు మూడు వ్యవస్థలయందు నడచును. అది నిజమే. కాని ఏ భాషయైనను వస్తువును తాకు చోట, అనగా పోర్టు వద్ద, కాలము వద్ద, ఫైలు వద్ద, క్రింది నేల యొక్క స్వభావము పైకి తేలును. ఆ మూడు చోట్ల మెలకువగా నుండుట ప్రోగ్రాము వ్రాయువాని పనియే గాని భాష పని కాదు.

పేర్ల సంగతి దీనికి మంచి ఉదాహరణము. విండోస్ ఒక అడాప్టరునకు కామ్ 3 అని పేరు పెట్టును; దానినే వేరొక రంధ్రములో తగిలించినచో కామ్ 5 అనవచ్చును. లినక్స్ ముందు వచ్చినదానికి సున్న సంఖ్యను, వెనుక వచ్చినదానికి ఒకటి సంఖ్యను ఇచ్చును. పేరును నమ్మి వ్రాసిన ప్రోగ్రాము ఒకనాడు మందుల పెట్టెకు బదులు వరండాలోని వేడిని చదువును. కూర్చున్న పీటను బట్టి గాక మనిషిని బట్టి గుర్తింపవలెను. అడాప్టరును దాని తయారీదారు సంఖ్య, జాతిసంఖ్య, క్రమసంఖ్యలచేతను, సెన్సారును దాని జన్మసంఖ్యచేతను గుర్తించుట ఉత్తమము.

ప్రతి డి.ఎస్.18బి20 సెన్సారునకును 64 బిట్ల జన్మసంఖ్య యొకటి తయారీయందే చెక్కబడి యుండును. అందు 8 బిట్లు జాతిని, 48 బిట్లు వ్యక్తిని తెలుపును. తక్కిన 8 బిట్లు సంఖ్య సరిగా చేరినదో లేదో పరీక్షించుటకు. ఒకే తీగపై పది సెన్సారులున్నచో వాని సంఖ్యలను తెలిసికొను విధానము చమత్కారముగా నుండును. ప్రోగ్రాము అన్నిటిని ఒకేసారి "మీ మొదటి బిట్టు ఏమి?" అని అడుగును. ప్రతి సెన్సారును ముందు ఆ బిట్టును, వెంటనే దాని వ్యతిరేకమును పలుకును. తీగపై ఎవరు సున్న పలికినను సున్నయే వినబడును. కావున రెండుసార్లును సున్న వినబడినచో, సున్నవారును ఒకటివారును ఇరువురును కలరని అర్థము. అప్పుడు ప్రోగ్రాము "సున్నవారు ఉండుడు, ఒకటివారు మౌనము వహింపుడు" అనును. ఇట్లు అరువదినాలుగు మెట్లు దిగునప్పటికి ఒక్కడే మిగులును. మరల మొదటికి వచ్చి రెండవ కొమ్మను పట్టవలెను. పది సెన్సారులకు పది పర్యాయములు చాలును. బడిపంతులు పేర్లు తెలియని పిల్లలను వరుసకు నిలిపి హాజరుపట్టీ వ్రాసికొనుట వంటిదే ఇది. రెండుసార్లును ఒకటియే వినబడినచో తీగపై పలుకువారెవరును లేరన్న మాట. తీగ ఊడినదని ప్రోగ్రాము చెప్పవలెను.

ఇక ఫలితము. సెన్సారు తొమ్మిది బైట్లు పంపును. మొదటి రెండు బైట్లలో ఉష్ణమానముండును. చిన్నస్థానపు బైటు ముందు, పెద్దస్థానపు బైటు వెనుక వచ్చును. నాలుగున్నర డిగ్రీలకు పదునారు చేత గుణించినచో 72. కావున 72, 0 అని రెండు బైట్లు వచ్చును. వానిని తారుమారు చేసి చదివినచో 4.5 డిగ్రీలు 1152 డిగ్రీలగును. నేటి బల్లకంప్యూటరులు సాధారణముగా చిన్నస్థానమునే ముందు పెట్టుకొనును. మాకింటాషు యంత్రములు 2006లో ఇంటెల్ ప్రాసెసరులకు మారుటకు పూర్వము పెద్దస్థానమును ముందు పెట్టెడివి. యంత్రపు అలవాటుపై ఆధారపడక, రెండవ బైటును 256 చేత గుణించి మొదటిదానిని కలిపినచో ఎచ్చటనైనను ఒకటే ఫలితము వచ్చును.

1152 వంటి తప్పు తెరపై పడినచో చూచినవాడు నవ్వి సరిచేయును. సున్నకు దిగువ కొలతల విషయమున కూడ ఇట్టి తప్పే కలుగవచ్చును. అర డిగ్రీ దిగువకు సెన్సారు పంపు రెండు బైట్లను గుర్తు లేని సంఖ్యగా చదివినచో 65528 వచ్చును. పదునారు చేత భాగించినచో 4095.5 డిగ్రీలు. 65536 తీసివేయవలెనను నియమము పాటించినచో సరిగా దిగువ 0.5 వచ్చును. ప్రోగ్రామును గది వేడిమియందు మాత్రమే పరీక్షించువానికి ఈ లోపము ఎన్నటికిని కనుపింపదు. మందు గడ్డకట్టుచున్న రాత్రియే అది మొదటిసారి బయటపడును. అంతకంటె అపాయమేమనగా, "నూరు దాటిన అంకెలు అసంభవములు, వానిని విడువుము" అని ఎవరైన జాగ్రత్తగా వ్రాసి యుంచినచో, చలి మితిమీరిన గంటలన్నియు పట్టికనుండి నిశ్శబ్దముగా తొలగిపోవును.

నమ్మదగిన రూపముతో వచ్చు అబద్ధములు మరి రెండు కలవు. మొదటిది 85. సెన్సారునకు విద్యుత్తు అందగానే దాని ఫలకముపై 85 డిగ్రీలు అను అంకె సిద్ధముగా నుండును. కొలుచుటకు ముందే చదివినను, కొలుచుచుండగా విద్యుత్తు తగ్గినను ఆ 85 యే వచ్చును. పరీక్షాసంఖ్యయు సరిపోవును. టీకాపెట్టెలో 85 డిగ్రీలు వచ్చినచో అది కొలత కాదు, కొలువలేదను వార్త. అట్లే దానిని వ్రాయవలెను.

రెండవది సున్న. తొమ్మిదవ బైటు పరీక్షాసంఖ్య. ముందరి ఎనిమిది బైట్లనుండి ఒక గణితసూత్రము ప్రకారము అది పుట్టును. దారిలో ఒక బిట్టు చెడినను ఆ లెక్క సరిపోదు. ఇది మంచి కావలివాడే. కాని తీగ నేలతీగకు తగిలి తొమ్మిది బైట్లును సున్నలే వచ్చినచో, ఆ లెక్కకు సున్నల పరీక్షాసంఖ్య సున్నయే కావున కావలివాడు లోనికి విడిచిపెట్టును. తెరపై 0.0 డిగ్రీలు అని పడును. మందు గడ్డకట్టు హద్దు దగ్గర ఆ అంకె ఎంత నమ్మదగినదిగా నుండునో చూడుడు! దీనికి మందు కలదు. ఐదవ బైటులో క్రింది ఐదు బిట్లు ఎల్లప్పుడును ఒకటులుగనే యుండునట్లు తయారీదారుడు ఏర్పరచినాడు. అవి సున్నలుగా కనుపించినచో మాటలాడినది సెన్సారు కాదు, చెడిన తీగ. ఈ ఒక్క పంక్తిని చేర్చినచో అర్ధరాత్రి లేనిపోని కలవరము తప్పును; అంతకంటె ముఖ్యముగా, కలవరములు పలుమారు వమ్మయి, చివరకు నిజమైన హెచ్చరికను ఎవరును లెక్కచేయని స్థితి రాకుండును.

కొలత సరిగా వచ్చిన పిమ్మట దానిని వ్రాసి యుంచుటయందును చిక్కులు కలవు. జర్మను పద్ధతికి అమర్చిన కంప్యూటరు నాలుగున్నరను 4 కామా 5 అని వ్రాయును. కామాతో గడులు విడదీయు ఫైలులో అది రెండు గడులై, 4 ఒకచోట 5 ఒకచోట పడును. తేదీలలో 3/4 అన్నది మనకు ఏప్రిల్ మూడు. అమెరికావారికి మార్చి నాలుగు. అందుచేత ఫైలులో చుక్కయే దశాంశచిహ్నముగా, సంవత్సరము ముందు, నెల తరువాత, దినము పిమ్మట వచ్చునట్లుగా స్థిరపరుపవలెను. కాలమును సార్వత్రిక కాలములో వ్రాసి, తెరపై చూపునప్పుడు మాత్రము ఐదున్నర గంటలు కలిపి మన దేశకాలముగా చూపవలెను.

ల్యాప్‌టాపు నిద్రపోవు సంగతియు మరువరాదు. మూత వేసినచో, లేదా కొంతసేపు ఎవరును తాకనిచో, అది నిద్రించును, యు.ఎస్.బి.యు దానితో నిద్రించును. నాలుగు గంటలపాటు కొలతలు ఉండవు. మేల్కొనిన తరువాత ప్రోగ్రాము ఏమి చేయవలెను? రేఖాపటము అందముగా నుండుటకై ముందరి అంకెనుండి వెనుకటి అంకెకు గీత కలుపుట సులభము. పాత అంకెనే మరల మరల వ్రాయుట మరియు సులభము. రెండును అసత్యములే. ఆ గడులను ఖాళీగా విడిచి, ప్రక్కన "కొలత లేదు" అని కారణముతో వ్రాయవలెను. చేతితో నింపిన పట్టికలలో నెల పొడుగునను ఒకే అంకె యుండుట చూచినచో తనిఖీదారునకు అనుమానము కలుగును. యంత్రము నింపిన పట్టికపై ఆ అనుమానము కలుగదు. కావున ఆ అనుమానమును ప్రోగ్రామే తనపై తాను పెట్టుకొనవలెను. వందసార్లు వరుసగా ఒక్క పదునారవ వంతైనను మారని అంకె వచ్చినచో దానిని కూడ గుర్తుపెట్టి చూపుట మంచిది.

చివరగా పరీక్ష. గాజుపాత్రలో మంచును బాగుగా నలిపి, దానికి తగినంత మంచినీరు చేర్చి, కలియబెట్టి, అందు సెన్సారును ముంచవలెను. మంచును నీరును కలిసి యున్నంతసేపు అది సున్న డిగ్రీల తావు. ఇంటింట దొరకు ఇంత నమ్మకమైన ప్రమాణము మరియొకటి లేదు. సెన్సారు అర డిగ్రీ లోపల చూపవలెను. చూపిన భేదమును దాని జన్మసంఖ్య ప్రక్కన వ్రాసి యుంచవలెను. సున్నకు దిగువ కొలతకై మంచులో ఉప్పు కలిపినచో చాలును. ఐస్‌ఫ్రూటు చేయువారికి ఇది తెలిసిన విద్యయే. ఈ పరీక్షను మూడు వ్యవస్థలయందును వేరువేరుగా చేయవలెను. అంతేకాక, సెన్సారు పంపిన బైట్లను ఉన్నవి ఉన్నట్లుగా ఒక ఫైలులో దాచి, సరియైనవి, చెడినవి, సున్నలు, 85, దిగువ కొలతలు అన్నిటిని చేర్చి, ప్రోగ్రామును మార్చినప్పుడెల్లను వానిని మరల చదివించి చూడవలెను. అందుకు అడాప్టరు అవసరము లేదు, రాత్రి అవసరము లేదు, మంచు అవసరము లేదు. మూడు యంత్రములును ఒకే బైట్లకు ఒకే మాట చెప్పినప్పుడే ప్రోగ్రాము మూడింటికిని సమానమని చెప్పవచ్చును.

శ్రోతలలో విద్యార్థులు కలరు, ఉపాధ్యాయులు కలరు, ఆరోగ్యశాఖలో పనిచేయువారును కలరు. ఇట్టి ప్రోగ్రామును వ్రాయు విద్యార్థికి నేను చెప్పదలచినది ఒక్కటే. తెరపై మొదటి అంకె కనుపించిననాడు పని సగమైన కాలేదు. తీగను పీకి చూడుము. నేలతీగకు తగిలించి చూడుము. మంచులో ముంచి చూడుము. ల్యాప్‌టాపు మూత వేసి చూడుము. ప్రతి పర్యాయమును అది ఏమి చెప్పుచున్నదో వినుము. తెలిసినప్పుడు తెలిసినదనియు, తెలియనప్పుడు తెలియదనియు అది చెప్పుచున్నచో, అప్పుడు దానిని ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి, పెట్టె ప్రక్కన పెట్టుము. మరునాటి ఉదయము నర్సమ్మ మూత తెరచుటకు ముందు రాత్రి పట్టికను చూచును. అందొక ఖాళీ గడి యున్నచో ఆమె సీసాను చేతికి తీసికొని, కుదిపి చూచును.